ఎడమకు ఒరిగిన కుంచె

ఇసానో మోచెయ్యి నా మోచేతిని ఎన్నిసార్లు పొడిచిందో దేవుడికే తెలియాలి. ముసురు పట్టిన రోజున ఆ ఎముక ఇప్పటికీ సలుపుతుంది. మా మనవరాలు మందు రాస్తూ, "ఎవరమ్మమ్మా ఆ ఇసానో, అంత పొగరుబోతా?" అని అడుగుతుంది. పొగరుబోతు కాదు, మొండిఘటం. రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా దానికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జపానులో, మా అరితా ఊళ్ళో పింగాణీ ఒక్క చేతి మీద తయారయ్యేది కాదు. మట్టి ఒకరిది, గీత ఒకరిది, నిప్పు ఒకరిది. పువ్వుకీ ఆకుకీ అంచుగీత గీసేది మగవాళ్ళు. ఆ గీతల మధ్య నీలం నింపేది ఆడవాళ్ళం. మోమోసాకి వారి బట్టీలో మా నింపుడు గదికి వీధివైపు కిటికీలుండేవి. వాటి వెంట పొడుగ్గా ఒక చెక్క అరుగు, దాని మీద వరసగా మేము, ఒక్కొక్కరి ముందు ఒక తిరుగుడు పీట. ఎడమచేత్తో పీట తిప్పుతూ కుడిచేత్తో కుంచె నడపాలి. కుంచె అంటే సన్నటి పుల్ల అనుకునేరు! పిడికిలంత లావు, దుప్పి వెంట్రుకలది, గిన్నెడు రంగు ఒక్క గుక్కలో తాగేస్తుంది. దాన్ని పక్కకి పడుకోబెట్టి, వేళ్ళతో నొక్కుతూ, రంగునీళ్ళని చిన్న మడుగులా ముందుకి లాక్కుపోవాలి. ఆకు చివరికి వచ్చాక మిగిలినదాన్ని కుంచె మళ్ళీ పీల్చేయాలి. మధ్యలో ఆగితే మచ్చ, తుమ్మితే మచ్చ. పక్కదాని మోచెయ్యి తగిలితే ఇక చెప్పేదేముంది.

నా చోటు ఎడమవైపు చిట్టచివర, పెద్ద కిటికీ పక్కన. పొద్దుటి వెలుగు ముందు నా పళ్ళెం మీద పడి, ఆ తర్వాతే మిగతావాళ్ళ దగ్గరికి పోయేది. అది మా అత్తగారు కూర్చున్న చోటు. ఆవిడ కళ్ళు మసకబారి పని మానేసేదాకా ఓపిగ్గా కాచుకుని సంపాదించుకున్నాను. నా కుడిపక్కనే ఇసానో కూర్చునేది.

ఇసానో పుట్టడమే ఎడమచేతివాటంతో పుట్టింది. వాళ్ళ నాన్న ఇజుమియామా గనిలో రాయి కొట్టేవాడు. నాన్నమ్మ మాత్రం ఇంటికి పెద్ద తహసీల్దారు. ఎడమచేత్తో పుల్లలు పట్టుకుని అన్నం తినే ఆడపిల్లని చూస్తే ఊరు నవ్వుతుందని, దాని ఎడమచేతిని నడుంపట్టీలోకి దోపి గట్టిగా కట్టేసేదట. పిల్ల కుడిచేత్తో తినలేక సగం ఆకలితో లేచిపోయేదట కానీ ఏడ్చేది కాదట. "ఏడిస్తే కట్టు విప్పుతారని మా చెల్లి అనేది. విప్పరని నాకు తెలుసు. ఊరికే ఏడవడం ఎందుకూ?" అని ఒకసారి నాతో అంది. చివరికి కుడిచెయ్యి అన్నీ నేర్చుకుంది. తినడం, రాయడం, నీలం నింపడం. అన్నీ చక్కగానే చేసేది, కాకపోతే నెమ్మది. మేము మూడు గిన్నెలు నింపేలోపు తను రెండో గిన్నె మీద ఉండేది.

పైగా ఒళ్ళు అలిసినప్పుడు కుంచె కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి దానంతట అదే పోయేది. అప్పుడు ఆ ఎడమ మోచెయ్యి వచ్చి ఎక్కడ తగులుతుంది? నా కుడి మోచేతికి! ఒకసారి ఉక్కపోత రోజుల్లో, పొద్దున్నుంచీ కూర్చుని పెద్ద కూజా మీద పూలు నింపుతుంటే ఒక్క పోటు పొడిచింది. నీలం వెళ్ళి పూల పక్కనున్న కొంగబొమ్మ మొహం నిండా పడింది.

"ఒసేయ్, నీ చెయ్యి పడిపోనూ! కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని అరిచాను.

"చూసుకోలేదు మసుయో. చెయ్యి దానంతట అదే మారిపోయింది."

"దానంతట అదే మారడానికి అదేమన్నా పక్కింటి పిల్లా? నీ చెయ్యే కదా!"

గదికి పెద్ద షిగెనో అక్క. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు, పెంచాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. కుంచె పక్కన పెట్టి, "ఇసానో, ఇది వరస. వరసలో అందరి చేతులూ ఒకవైపే నడవాలి. ఇంకోసారి ఎడమచేత్తో కనిపించావంటే దుమ్ముగదికి పంపించేస్తాను" అంది.

దుమ్ముగది అంటే తొలిసారి కాల్చిన పళ్ళేల మీది ధూళి రుద్ది తీసే చోటు. అక్కడివాళ్ళు వీధి మలుపులో ఉండగానే దగ్గుని బట్టి ఎవరో పోల్చుకునేవాళ్ళం.

ఆ ఏడాదే చవక గిన్నెల కోసం అచ్చులు వచ్చాయి. రబ్బరు ముద్ర కొడితే ఆకు తయారు. మోమోసాకి అయ్యగారు ఒకరోజు గదిలోకి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా గోడవైపు చూస్తూ, "శరదృతువు పండగ అయ్యాక అరుగు మీద ఒక చోటు తీసేయాలమ్మా" అని చెప్పి వెళ్ళిపోయారు. ఎవరి చోటో ఆయన చెప్పనక్కర్లేదు. అందరికంటే నెమ్మదైన చెయ్యి ఎవరిదో గది అంతటికీ తెలుసు.

సాయంత్రం ఇద్దరం పాత బట్టీ ఇటుకల గోడ వెంట ఇంటికి నడుస్తున్నాం. ఇసానో ఉన్నట్టుండి, "నేను దుమ్ముగదికి పోను" అంది.

"మరి ఏం చేస్తావే?"

"అరుగు మీదే ఉంటాను."

"ఎలా ఉంటావు?"

"అది ఇంకా తెలీదు" అంది. వంటకి ముల్లంగి కొనాలన్నంత మామూలుగా అంది. నాకు ఒళ్ళు మండింది.

పళ్ళేల సంగతి మొదలైంది ఆ తర్వాతే. ఉరెషినోలో వేడినీళ్ళ ఊటల దగ్గర సత్రం నడిపే నుయి అమ్మగారు ఒకరోజు బస్సు దిగి వచ్చారు. ఒళ్ళో గుడ్డమూట, మూటలో పాతకాలపు నీలం పళ్ళేలు. దొరల కోసం చేసిన రోజులనాటివని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. మధ్యలో ఏమీ లేకుండా తెల్లగా వదిలేసి, చుట్టూ అంచు వెంట ఒకదాని మీద ఒకటి ఒరిగిన ఆకుల వలయం. పది ఉండేవి, తొమ్మిది మిగిలాయి. పండగనాడు గుడి పెద్దలు పదిమంది ఆవిడ సత్రంలోనే భోంచేస్తారు. తొమ్మిదిమందికి ఆ పళ్ళేలు పెట్టి పదోవాడికి వేరేది పెడితే, ఆ పదోవాడు జన్మలో క్షమించడు.

"పిల్లి పడేసిందండీ" అన్నారావిడ. ఆ సత్రంలో పిల్లి లేదని మా అందరికీ తెలుసు.

అయ్యగారు పళ్ళెం చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి అడుగున ఉన్న గుండ్రటి అంచు చూసి, "అరితాలో కానిది ఏముందమ్మా! పండగకి పది పళ్ళేలూ మీ గూట్లో ఉంటాయి" అని మాట ఇచ్చేశారు. ఆయనకి అదొక జబ్బు. మాట ముందు, ఆలోచన తర్వాత.

కాల్చితే పింగాణీ కుంచించుకుపోతుంది కనుక పళ్ళెం కాస్త పెద్దగా చేయించారు. గీత ఆయనే గీశారు, అందులో వంక పెట్టడానికి లేదు. నీలం షిగెనో అక్క నింపింది. మేమంతా పని మానేసి చూశాం, అంత బాగా నింపింది. బట్టీలోంచి వచ్చాక కొలత సరిపోయింది, గీత సరిపోయింది, రంగు కూడా సరిపోయింది. నుయి అమ్మగారు వచ్చి చాప మీద పదీ పరిచి చాలాసేపు చూశారు.

"అందంగా ఉంది. కానీ తొమ్మిదిమంది ఒకవైపు చూస్తూ కూర్చుంటే, ఒక్కడు అలిగి మొహం తిప్పుకున్నట్టుంది" అన్నారు.

నిజమే. ఎక్కడని చెప్పలేం కానీ, ఆ పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి చూపు తట్టుకుని ఆగేది. అయ్యగారు తప్పు నిప్పు మీదికి తోసేశారు. మంట ఒకవైపునుంచి తగిలి నీలం ఒక పక్కకి ముదిరిందన్నారు. బట్టీలో సరుకు పేర్చేది ఇసానో మొగుడు కుమాజీ. రెండో పళ్ళేన్ని ఈసారి అవతలివైపు పెట్టమంటే పెట్టాడు. పెడుతూ, "నిప్పుకి కుడీ ఎడమా నేర్పాలని నేనూ చాలా ఏళ్ళు చూశానండీ అయ్యగారూ, దానికి బుర్రకెక్కదు" అన్నాడు. రెండోదీ అలిగే వచ్చింది. నీలంలో కలిపే టీ కషాయం మార్చారు, మూడోదీ అలిగింది. షిగెనో అక్క అన్నం తినడం తగ్గించేసింది. పండగ దగ్గరికి వచ్చేస్తోంది.

ఆ పాత పళ్ళేలు తుడిచి గూట్లో పెట్టే పని ఇసానోకి అప్పజెప్పారు, ఎలాగూ పోయే మనిషి కదా అని. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ, ఒక పళ్ళేన్ని తన తిరుగుడు పీట మీద పెట్టుకుంది. ఆకుల మీద వేలు పెట్టి పీట తిప్పింది. వేలు రెండు ఆకులు దాటి ఆగింది. మళ్ళీ తిప్పింది, ఈసారి ఎదురువైపుకి. వేలు ఎక్కడా ఆగకుండా వలయమంతా తిరిగి వచ్చింది.

"మసుయో, ఇలా చూడు" అంది. నా పని వదిలేసి వంగాను. "నీలం వచ్చి ఆగిన చోట కాస్త చిక్కబడుతుంది కదా? మన పళ్ళెంలో ప్రతి ఆకుకీ ఆ చిక్కదనం ఎటువైపుంది?"

"కుడివైపు."

"దీంట్లో?"

చూశాను. ఒక్కొక్క ఆకూ చూశాను. అన్నిట్లోనూ ఎడమవైపే. అప్పుడు ఇసానో వేలు చూశాను. అది ఎడమచేతి వేలు.

షిగెనో అక్కకి చెబితే ఆవిడ తేలిగ్గా తీసిపారేయలేదు, అది ఆవిడ గొప్పదనం. పళ్ళెం తలకిందులు చేసి నింపితే సరిపోతుందేమో అని ముందు అలా ప్రయత్నించింది. గుండ్రటి దాంట్లో కింద ఏది, పైన ఏది? మళ్ళీ అదే వచ్చింది. తర్వాత పీటని ఎదురు తిప్పి, కుడిచేత్తోనే అటునుంచి ఇటు తెచ్చింది. లాగాల్సిన కుంచెని నెట్టాల్సి వచ్చేసరికి వెంట్రుకలు విడిపోయి, ఆకు నిండా చారలు పడ్డాయి. ఆవిడ కుంచె కింద పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడటం అదే మొదలు.

ఇసానో లేచి నేరుగా అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. మేమంతా తలుపు దగ్గర గుమిగూడాం.

"అయ్యగారూ, పదో పళ్ళెం నాకివ్వండి. ఎడమచేత్తో నింపుతాను. కుదిరితే అరుగు మీద నా చోటు నాది. ఆ చోట్లో ఎడమచేత్తోనే కూర్చుంటాను. కుదరకపోతే మీరు చెప్పక్కర్లేదు, దుమ్ముగదికి కాదు, ఇంటికే పోతాను."

"ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా? పుట్టాక ఎడమచేత్తో ఒక్క ఆకైనా నింపావా నువ్వు?"

ఇసానో నడుంపట్టీలోంచి గుడ్డలో చుట్టిన కుంచె ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. కుంచెలు మనిషి చేతిని బట్టి అరుగుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వెంట్రుకలు ఒకవైపుకి ఒరుగుతాయి. అందుకే మేము ఒకరి కుంచె ఒకరికి ఇచ్చుకోం. మా అందరి కుంచెలూ ఒకవైపు ఒరిగితే, ఇది రెండోవైపుకి ఒరిగి ఉంది. ఒక్క ఏడాదిలో వచ్చే ఒరుగుడు కాదది.

"ఎక్కడ చేశావే ఇదంతా?" అని నేను ఉండబట్టలేక అడిగాను.

"మా వంటింట్లో. పొద్దున్నే అన్నం ఉడికేదాకా ఖాళీయేగా. చెత్తకుప్పలోంచి పగిలిన పళ్ళేల ముక్కలు తెచ్చుకుని, మసినీళ్ళతో నింపేదాన్ని."

వెనకనుంచి కుమాజీ, "పెళ్ళైనప్పటినుంచీ మా ఇంట్లో అన్నం మాడే వడ్డిస్తోంది. ఎందుకో ఇవాళ తెలిసింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, నేను తప్ప.

అయ్యగారు రెండు పళ్ళేలకి గీత గీసి ఇచ్చారు. ఇంకోటి గీయడానికి పండగలోపు టైము లేదు. ఎడమచెయ్యి ఆడాలంటే ఎడమపక్కన మనిషి ఉండకూడదు. అంటే నా చోటు కావాలి. "ఒక్క పూటకే" అని చెప్పి, లేచి దాని చోట్లో కూర్చున్నాను. వెలుగు తక్కువ, పైగా ఎవరో కూర్చున్న మెత్త. పళ్ళు నూరుకున్నాను.

మొదటి పళ్ళెం సగం దాకా వచ్చింది. మా కళ్ళకి బాగానే ఉంది. దానికి మాత్రం ఏం కనిపించిందో, ఒక ఆకు దగ్గర చెయ్యి ఆపేసింది.

"ఏమైంది?" అంది షిగెనో అక్క.

"భయపడ్డాను. ఈ ఆకులో తెలిసిపోతోంది."

"ఎవరికీ తెలీదులే, కానివ్వు" అన్నాను నేను.

"తొమ్మిది పక్కన పెడితే తెలుస్తుంది." ఆ పళ్ళేన్ని తీసి నేలకేసి కొట్టింది! పొరపాటున కాదు, మొండితనంతో కొట్టింది. ఇంకొకటి ఉందన్న ధీమా ఉంటే చెయ్యి మళ్ళీ భయపడుతుందట, ఇప్పుడు ఇక భయపడటానికి వీల్లేదట. ఇలాంటి మనిషితో ఏం వేగుతాం చెప్పండి!

రెండోదాన్ని పీట మీద పెట్టింది. కుడిచేత్తో పీట తిప్పడం మొదలుపెట్టింది, మేమెవరం తిప్పని వైపుకి. కుంచె పడుకుంది, నీలం కదిలింది. ఒక ఆకులోంచి ఇంకో ఆకులోకి మడుగు జారిపోతుంటే, నాకు తెలిసిన నెమ్మది ఇసానో అక్కడ లేదు. నేను ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చూసింది సగం మనిషినే అని అప్పుడు అర్థమైంది. చూస్తుండగానే వలయం మొదలైన చోటికి వచ్చి కలిసింది. కుంచె మిగిలిన రంగు పీల్చేసి లేచింది. ఇసానో చెంపల మీద చెమట కారుతోంది, తుడుచుకోలేదు.

షిగెనో అక్క ఒక్కటే మాట అంది. "వెళ్ళు, కుంచె కడుక్కో."

కాల్చకముందు ఆ నీలం బూడిదరంగులో ఉంటుంది. మెరుగుపూతలో ముంచాక అదీ కనిపించదు, తెల్లటి పళ్ళెమే. ఇక ఏం వస్తుందో నిప్పుకే తెలియాలి. కుమాజీ ఆ పళ్ళేన్ని రెండుచేతులతో తీసుకెళ్ళి పేర్చాడు. ఎక్కడ పెట్టాడో పెళ్ళానికి కూడా చెప్పలేదు. బట్టీ చల్లారేదాకా ఇసానో మామూలుగా పనికి వచ్చి, కుడిచేత్తో చవక గిన్నెలు నింపుకుని వెళ్ళింది. నాకే నిద్ర పట్టలేదు. ఎవరి చోటు పోతుందని నా బెంగో నాకే తెలియలేదు.

బట్టీ తీసినరోజు నుయి అమ్మగారు పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి కూర్చున్నారు. మా గదిలోనే చాప మీద పది పళ్ళేలు పరిచారు. అయ్యగారు వాటిని అటూ ఇటూ మార్చేశారు. నుయి అమ్మగారు తలుపు దాకా వెనక్కి నడిచి, పండగనాడు అతిథులు లోపలికి వచ్చే చోటినుంచి చూశారు.

"అందరూ ఒకవైపే చూస్తున్నారు" అన్నారావిడ. "ఎవరూ అలగలేదు."

దగ్గరికి వెళ్తే కొత్తది కొత్తదే, మెరుపు ఎక్కువ. నాలుగు పండగలు వాడితే అదీ పోతుంది. అయ్యగారు గోడవైపు తిరిగి, గోడకే చెప్పినట్టు, "అరుగు ఎలా ఉందో అలాగే ఉండనీయండమ్మా" అని వెళ్ళిపోయారు. షిగెనో అక్క ఆ పూట రెండు గిన్నెల అన్నం తింది.

ఇసానో మాత్రం పళ్ళేల ముందునుంచి లేవలేదు. ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆకుల మీద వేలు నడుపుతూ కూర్చుంది. తను చేసింది కాదు, పాతది. నేను పక్కన చతికిలబడ్డాను.

"గెలిచావుగా, ఇంకా ఏం వెతుకుతున్నావే?"

"ఇవి నింపిన మనిషి చెయ్యి కూడా చిన్నప్పుడు కట్టేసే ఉంటారు కదూ?"

"కట్టేసే ఉంటారు. నాన్నమ్మలు ఎప్పుడూ ఉన్నారుగా."

"ఆ తర్వాత ఎవరో విప్పారు మసుయో. విప్పి, ఎడమచివర కూర్చోబెట్టారు. పక్కవాళ్ళ మోచెయ్యి తగులుతుందేమో అని బెదురుతూ చేసిన పనైతే తొమ్మిదీ ఇంత తీరుగా రావు. ఎవరో లేచి చోటిచ్చారు." అలా అని, నాన్నమ్మ కట్టేసినప్పుడు ఏడవని మనిషి, ఆ పళ్ళెం మీద టపటపా కన్నీళ్ళు రాల్చింది.

నాకేసి చూడలేదు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాలుగు మాటలని పోట్లాడి ఉండేదాన్ని. నా కిటికీ, నా వెలుగు, మా అత్తగారి చోటు అని యాగీ చేసేదాన్ని. అడగని మనిషితో ఎలా పోట్లాడతాం?

లేచాను. నా పీట, నా కుంచెలు, మా అత్తగారి పాత మెత్త తీసుకుని ఒక చోటు కుడికి జరిగాను. అరుగు మీద చిట్టచివర ఖాళీ అయింది. కిటికీ వెలుగు తిన్నగా వచ్చి ఆ ఖాళీలో పడింది.

"ఏం చూస్తున్నావే మొండిదానా?" అన్నాను. "ముక్కు తుడుచుకుని కూర్చో. వెలుగు పోతోంది."